కాలు అంటే నిన్న కాదు

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. వరదలో పడవ మీద చేసిన కాన్పు ఉంది. భామ్రాగడ్‌లో వాగులు పొంగి దారులన్నీ తెగిపోతే డాక్టరు లేకుండా వారానికి పైగా నేనొక్కదాన్నే నడిపిన దవాఖాన ఉంది. అవి చెబితే నాకు పేరొస్తుంది కనుక చాలాసార్లే చెప్పాను. ఈ కేసు మాత్రం ఎక్కువమందికి చెప్పలేదు. ఇందులో తప్పు నాది. రెండక్షరాల తప్పు.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నర్సింగ్ చదివిన చోట హాస్టలంతా హిందీ. మొదటి పోస్టింగు భామ్రాగడ్, ఆ తర్వాత కమలాపూర్. అక్కడి అడవి ఊళ్లలో తిరిగి తిరిగి గోండి కూడా కొంచెం పట్టుబడింది. పాటలు పాడేంత కాదు గానీ, నొప్పి ఎక్కడుందో అడిగి, మందు ఎప్పుడు మింగాలో చెప్పేంత వచ్చింది. దాంతో నాలుగు భాషల సిస్టర్ అని పేరు పడింది. కొత్త డాక్టరు ఎవరొచ్చినా, "ఈమె ఉంటే మీకు నిఘంటువు అక్కర్లేదు" అని పరిచయం చేసేవాళ్లు. నేను సిగ్గుపడినట్లు నటించేదాన్ని. లోపల మాత్రం ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని.

సర్వీసు చివరి ఏళ్లలో సొంత తాలూకాకే బదిలీ అయింది. ఊరి పేరు చెప్పను, చిన్న ఆరోగ్య కేంద్రం. ఆరు మంచాలు, ఒక అంబులెన్సు. డాక్టరు ముప్పై ఏళ్లు కూడా నిండనివాడు. చెరకు పండే పడమటి జిల్లా నుంచి వచ్చాడు. తెలుగు ఒక్క ముక్క తెలియదు. మంచి హస్తవాసి ఉన్నవాడు, రోగి మీద ఎన్నడూ విసుక్కునేవాడు కాదు. మాతో పాటు మావశి ఉండేది. మరాఠీలో మావశి అంటే పిన్ని. అక్కడి దవాఖానల్లో ఊడ్చి తుడిచే ఆడమనిషిని అందరూ అలాగే పిలుస్తారు. మా మావశిది భామ్రాగడ్ వైపు అడవి ఊరు, ఇంటి భాష గోండి. సంతకం పెట్టడం నేర్చుకుంది, అంతకుమించి చదువు లేదు. మాతో మరాఠీ, తెలుగు రెండూ కలిపి మాట్లాడేది.

ఆ ఏడు మొదటి వానలు పడి నార్లు పోస్తున్న రోజులు. పొద్దున తొమ్మిది కాకముందే దవాఖాన ముందు జ్వరాల వరుస పెరిగిపోయింది. అప్పుడే షేర్ ఆటోలోంచి ఒక అత్తా కోడలూ దిగారు. అత్తకు అరవై దాటి ఉంటాయి, గట్టి మనిషి. కోడలికి ఇరవై రెండో ఇరవై మూడో. వరుసను తోసుకుంటూ వచ్చి అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నా కోడలికి పురుగు ముట్టింది. జర జల్ది సూడున్రి."

మా వైపు పామును పేరు పెట్టి అనరు. పురుగు అంటారు. కరిచిందని కూడా అనరు, ముట్టింది అంటారు. నేను వెంటనే ఆ ఇద్దరినీ లోపలికి పంపి డాక్టరుకు పాము కేసని చెప్పాను. అంతవరకు నా పని సక్రమంగానే ఉంది.

డాక్టరు కోడలి నాడి పట్టుకుని, తల ఎత్తకుండా అత్తను అడిగాడు. "సాప్ కధీ చావ్‌లా?"

పాము ఎప్పుడు కరిచింది అని. నేను పక్క బల్ల దగ్గర విరేచనాలతో వచ్చిన పసివాడికి సెలైన్ సూది ఎక్కిస్తున్నాను. సన్నని నరం, దొరకడం లేదు. ఒక చెవి మాత్రమే అటు ఉంది.

అత్త కోడలిని దగ్గరికి లాక్కుంది. "కాలు... కాలు, సారూ."

డాక్టరు నావైపు తిరిగాడు. "కాల్?"

"హో సర్, కాల్" అన్నాను.

మరాఠీలో కాల్ అంటే నిన్న.

కాలు అనే మాట నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మ నోట పుట్టినప్పటి నుంచీ విన్నాను. కానీ ఆ గదిలో నడుస్తున్నది మరాఠీ. ప్రశ్న మరాఠీలో వచ్చింది కనుక జవాబు కూడా మరాఠీగానే నా చెవిన పడింది. ఆ ముసలామెకు మరాఠీ రాదన్న సంగతి, రెండు నిమిషాల కింద నాతో తెలుగులో మాట్లాడిందన్న సంగతి, ఏదీ గుర్తుకు రాలేదు.

"ఎన్ని గంటలకో అడగండి" అన్నాడు డాక్టరు.

"ఎంత పొద్దుకు ముట్టింది, అక్కా?" అని అడిగాను. నా ప్రశ్నలో నిన్న అనే మాట ఉండి ఉంటే ఆమె అక్కడే సరిదిద్దేది. లేదు.

"మబ్బుల్నే. ఇంక తెల్లారలే" అంది ఆమె.

"తెల్లవారకముందు, సర్" అని మరాఠీలో చెప్పాను. డాక్టరు కేస్ పేపర్ మీద రాసుకున్నాడు. నిన్న తెల్లవారుజామున. అంటే ఇరవై ఎనిమిది గంటలు దాటింది.

"మరి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారు?"

ఇది నేను ఆమెను అడగనే లేదు. "ముందు మంత్రగాడి దగ్గరికి వెళ్లుంటారు, సర్. ఇక్కడ ఇంతే" అన్నాను. ఆ జవాబు నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండేది. పాము కేసు ఆలస్యంగా వస్తే కారణం అదేనని అన్నేళ్ల సర్వీసు నాకు నేర్పింది. ఇంకేమైనా ఉండొచ్చని అనుమానించడం మాత్రం నేర్పలేదు.

కోడలు చీర కొంచెం పైకి జరిపి చీలమండ పక్కన చూపించింది. దోమ కుట్టినంత రెండు చుక్కలు. వాపు లేదు, మంట లేదు. పామును ఎవరూ సరిగ్గా చూడలేదు. చాప కింద నుంచి ఏదో జారిపోయిందని మాత్రం అంది. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాం. చక్కగా గడ్డకట్టింది. అంటే రక్తపింజరి కాదు. వాపు లేదు కనుక నాగుపామూ కాదు.

ఇక మిగిలింది కట్లపాము. దాని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు బరువు మీకు తెలియదు. అది కరిస్తే వాపూ ఉండదు, నొప్పీ అంతగా ఉండదు. కింద చాప మీద పడుకున్నవాళ్లకు నిద్రలో కరిచిన సంగతి కూడా ఒక్కోసారి తెలియదు. విషం నరాల మీద పనిచేస్తుంది. గంటలు గడిచాక ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, తర్వాత ఊపిరి ఆగుతుంది. కానీ ఒక పూర్తి రోజు గడిచి ఇవేవీ రాకపోతే గండం గడిచినట్టే. డాక్టరు ఆ లెక్కే వేశాడు. అతను వేసిన లెక్క సరైనదే. నేనిచ్చిన అంకె తప్పు.

"కడుపుల నొస్తుంది" అని కోడలు నాతో మెల్లగా చెప్పింది. పొద్దున ఏమన్నా తిన్నావా అంటే లేదంది. ఖాళీ కడుపు, పైగా భయం అనుకుని ఒక మాత్ర ఇచ్చాను. కట్లపాము విషానికి కడుపునొప్పి మొదటి గుర్తుల్లో ఒకటని నాకు తెలుసు. డాక్టరుకు చెప్పలేదు. నిన్న కరిచిన పాముకు ఈరోజు కడుపునొప్పి ఏమిటనుకున్నాను.

ఇంటి దగ్గర తోడికోడలికి అప్పజెప్పి వచ్చిన ఎనిమిది నెలల బిడ్డ ఉన్నాడట. "పాలకు ఏడుస్తుండొచ్చు, పోతం సిస్టరమ్మా" అంది కోడలు. టీటీ సూది వేసి, ఏమైనా తేడా వస్తే మళ్లీ రమ్మని పంపేశాం.

పదిన్నరకు వరుస కాస్త తగ్గింది. మావశి వరండా తుడుస్తోంది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చుని, ఊరికే మాటకు మాటగా అన్నాను. "చూడు మావశి, మన జనం ఎప్పుడు మారుతరో. నిన్న పాము కరిస్తె ఇయ్యాల తీరిగ్గ వచ్చిన్రు."

మావశి తుడిచే బట్ట ఆపింది. "నిన్ననా? ఎవలన్నరు?"

"ఆ ముసలామెనే అన్నది గద. కాల్ అని."

"కాల్ అంటె కాలు గద, సిస్టర్" అంది మావశి. తడి చేత్తో తన పిక్క మీద కొట్టుకుని చూపించింది. "మా గోండిల గూడ కాల్ అంటె గిదే. నిన్నను మేం నిన్నె అంటం. మీ తెల్గుల గూడ నిన్న అనే అంటరు గద? ఆమెకు మరాఠి వస్తదా ఏంది?"

చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. డాక్టరు గదిలోకి ఎలా వెళ్లానో మాత్రం గుర్తుంది. అతను ఎవరి ఛాతీ మీదో స్టెతస్కోపు పెట్టి ఉన్నాడు. "సర్, నిన్న కాదు. ఈరోజు. నేను తప్పు చెప్పాను" అన్నాను. అతను నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. ఎందుకు, ఎలా అని అడగలేదు. లేచి, "బండి తీయమనండి. నేను విరుగుడు మందు తయారు చేస్తాను. మీరు వెళ్లి తీసుకురండి" అన్నాడు.

కేస్ పేపర్ మీద ఉన్న ఫోన్ నంబరు కోడలి భర్తది. నది ఆవల ఎక్కడో పనికి పోయాడు, ఎత్తలేదు. అంబులెన్సు డ్రైవరు ఆ దారిలో బండిని ఎప్పుడూ అంత వేగంగా నడిపి ఉండడు. షేర్ ఆటో సీట్లు నిండేదాకా కదలదు కదా, ఆ రోజు ఆ బద్ధకమే మాకు అక్కరకు వచ్చింది. ఏడెనిమిది కిలోమీటర్లు పోయేసరికి ఒక కిరాణా కొట్టు ముందు మనుషులను ఎక్కించుకుంటూ నిలబడి ఉంది. వెనక సీట్లో కోడలు అత్త భుజం మీద తల వాల్చి ఉంది.

"నిద్రొస్తుందట. మబ్బుల లేషింది గద" అంది అత్త, నన్ను చూసి ఆశ్చర్యపోతూ.

"కండ్లు తెరువు, బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల కళ్లు తెరవలేదు. తెరవలేకపోయింది. గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి, సగం మూసుకున్న రెప్పల కింది నుంచి నన్ను చూసింది. పాము కేసుల్లో ఆ చూపు నేను అంతకు ముందు రెండుసార్లు చూశాను. రెండింట్లో ఒకరు బతకలేదు.

దవాఖానకు తెచ్చేసరికి మందు సీసాలు సిద్ధంగా ఉన్నాయి. పొడి మందును నీళ్లలో నెమ్మదిగా కరిగించాలి, గిలకొడితే నురగ వస్తుంది. డాక్టరు, మావశి చెరో సీసాను అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పుతూ ఉన్నారు. సెలైన్‌లో కలిపి ఎక్కించాం. మందు ఎక్కుతుండగానే మాట ముద్దగా మారింది. ఉమ్మి మింగలేకపోతోంది. మా దగ్గర ఊపిరి యంత్రం లేదు. జిల్లా దవాఖాన చాలా దూరం, దారి గుంతలమయం. డాక్టరు ఒక్క నిమిషం ఆలోచించి, వంతెన దాటి ఆవలి ఒడ్డు తెలంగాణ దవాఖానకు వెళదామన్నాడు.

అంబులెన్సులో దారి పొడుగునా మేమిద్దరం వంతులు వేసుకుని రబ్బరు సంచి నొక్కాం. మూతికి మాస్కు బిగించి, మనిషి ఊపిరి తీసినట్టే ఒక లయలో నొక్కాలి. తొందరపడకూడదు, ఆపకూడదు. అత్త కాళ్ల దగ్గర కూర్చుని కోడలి పాదాలను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"మేం లేట్ జేసినమా, సిస్టరమ్మా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మబ్బుల ముట్టింది. మా బావ కొడుకు మంత్రమేసెటోని కాడికి పోదమన్నడు. నేనే అద్దన్న. పోయిన యేడు మీరే గద మా ఊళ్లె మీటింగు పెట్టి చెప్పిన్రు, మంత్రం గింత్రం అద్దు, సీదా దవాఖానకు రమ్మని. ఆటో దొరికేదాక నడుసుకుంట వచ్చినం."

నా చేతులు సంచి నొక్కుతూనే ఉన్నాయి. ఆ మీటింగు నాకు గుర్తుంది. ఆ ఊళ్లో పదిహేను మంది కంటే ఎక్కువ రాలేదని రిజిస్టర్‌లో విసుగ్గా రాసుకున్నాను. ఆ పదిహేను మందిలో ఒకామె నా మాట అక్షరాలా పాటించి వస్తే, మంత్రగాడి దగ్గరికి పోయి వచ్చిందని నేను డాక్టరుకు చెప్పాను. డాక్టరుకు తెలుగు రాదు. ఆమె అంటున్నది అర్థం కావడం లేదు. నా మొహం చూసి, "ఏమంటోంది?" అన్నాడు. మరాఠీలో చెప్పాను, ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా. అతను "ఇటివ్వండి, మీ చేతులు అలిసిపోయాయి" అని సంచి తీసుకున్నాడు.

వంతెన దాటాక బోర్డులన్నీ తెలుగులోకి మారాయి. పెద్ద దవాఖాన గేటు దగ్గర స్ట్రెచర్ తోస్తూ అక్కడి డాక్టరమ్మ అత్తను అడిగింది. "ఎప్పుడు కరిసిందమ్మా?"

"ఇయ్యాల మబ్బుల" అంది అత్త. అడ్డుగా ఎవరూ లేకుండా జవాబు నేరుగా చేరింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అన్నేళ్లలో నేను లేకపోతే బాగుండునని అనిపించిన సందర్భం అదొక్కటే.

కోడలు రెండు రోజులు యంత్రం మీద ఉంది. మూడో రోజు వేళ్లు కదిలించింది. నాలుగో రోజు కళ్లు పూర్తిగా తెరిచింది. ఈ కబుర్లు డ్రైవరు ద్వారా తెలుస్తూ వచ్చాయి. ఈలోపు పైనుంచి కాగితం వచ్చింది, పాము కేసును పంపేయడం ఎలా జరిగిందో రాసివ్వమని. డాక్టరు తన జవాబు రాశాడు. కరిచిన సమయాన్ని తాను సరిగా నిర్ధారించుకోలేదని ఉంది అందులో. నా ప్రస్తావన లేదు. నేను విడిగా ఇంకో కాగితం రాసిచ్చాను. దాన్ని చూసి, "ఇది అవసరమా సిస్టర్?" అన్నాడు. "మీకు తెలుగు రాదు సర్, మీరు అడిగారు. నాకు వచ్చు, నేను వినలేదు" అన్నాను. నాకు ఒక మెమో వచ్చింది. దాని కంటే అయిదో రోజు బస్సెక్కి ఆవలి ఒడ్డుకు వెళ్లడమే కష్టంగా ఉండింది.

కోడలు మంచం మీద కూర్చుని జావ తాగుతోంది. నన్ను చూసి నవ్వింది. అత్తను వరండాలోకి పిలిచి జరిగింది చెప్పాను. "నువ్వు కాలు అన్నవ్. నేను నిన్న అని చెప్పిన. అందుకే మిమ్మల్ని ఇంటికి పంపిన్రు. డాక్టరు తప్పేం లేదక్కా."

"ఆ సారు ఏమడిగిండు నన్ను?" అంది ఆమె.

"సాప్ కధీ చావ్‌లా అన్నడు. పాము ఎప్పుడు కరిసిందని."

"ఓ అవ్వ" అంది ఆమె, నోటి మీద చెయ్యి పెట్టుకుని. "నాకేమినబడ్డదో తెలుసా? సాప అన్నడు. సావు అన్నడు. ఇగ అయిపాయె, సాపేసి పండవెట్టుడే అంటుండనుకున్న. నా పానం పోయినంత పనైంది. గట్లెట్ల సస్తది, కాలుకే గద ముట్టింది అని చెప్దమనుకున్న. నోట్లకెల్లి కాలు ఒక్కటే వచ్చింది."

మా వైపు చాపను సాప అంటారు, చావును సావు అంటారు. మరాఠీలో సాప్ అంటే పాము, చావ్‌లా అంటే కరిచింది. అందులోని చా అక్షరాన్ని వాళ్లు పలికే తీరు కూడా మాకు సా లాగే వినబడుతుంది. డాక్టరు అడిగిన మూడు మాటల్లో రెండు ఆమెకు అర్థమయ్యాయి, రెండూ తప్పుగానే. ఆమె చెప్పిన ఒక్క మాట మాకు అర్థమయింది, అదీ తప్పుగానే.

"నాకు ఒక్క బాషనే వస్తది" అంది ఆమె, కొంగు సర్దుకుంటూ. "అందుకే నేను ఒక్కటే చెప్పిన. నీకు మస్తు వస్తయట గద."

"నిన్ను మంచిగ తిట్టాలె" అంది మళ్లీ. "కని ఇయ్యాల నా కోడలు లేషి జావ తాగుతుంది. నోరు పాడు జేసుకో బుద్ధైతలేదు. ఇంకో రోజు తిడుత."

ఆ తర్వాతి రోజుల్లో నాకు ఒక కొత్త పరేషాన్ పట్టుకుంది. పాత్రలు కడుగుతున్నా, బస్సులో కూర్చున్నా ఆ మాట వదిలేది కాదు. మా ఊళ్లో రిటైరైన మరాఠీ మాస్టారు ఒకాయన ఉండేవారు. సంస్కృతం కూడా చదివినవారు. వెళ్లి అడిగాను. ఆయన ఎంత సంబరపడ్డారో. అటువంటి ప్రశ్న అడిగినవాళ్లు ఆయనకు ఎన్నేళ్లుగా దొరకలేదో మరి.

తెలుగు కాలు, గోండి కాల్ ఒకే ఇంటి మాటలని చెప్పారాయన. తమిళం, కన్నడం కూడా ఆ ఇంటివే, అక్కడా కాలంటే కాలే. మరాఠీ, హిందీలది వేరే వంశం. వాళ్ల కాల్, కల్ అనేవి సంస్కృతంలోని కల్య అనే మాట నుంచి వచ్చాయట. హిందీ కల్‌కు నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. "అయితే మా డాక్టరు హిందీవాడైతే, నిన్ననా రేపా అని ఇంకోసారి అడిగేవాడన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, "అసలు కల్య అంటే మొదట్లో ఏమిటో తెలుసా? తెల్లవారుజాము" అన్నారు.

ఆ పిల్లకు పాము కరిచింది తెల్లవారుజామునే. వెయ్యేళ్ల కిందటి అర్థంతో చెప్పి ఉంటే నా అనువాదం సరిపోయేది.

మావశికి ఈ సంగతులన్నీ చెప్పాను. ఒకే ఇంటి మాటలన్నది విని ఆమె తుడిచే బట్ట పిండుతూ, "గట్లనా? మరి మీ తెల్గోళ్లు మమ్ముల సుట్టపోళ్లని ఎన్నడు అనకపోతిరి" అంది.

డాక్టరు తెలుగు నేర్చుకుంటానన్నాడు. మొదట ఎప్పుడు, ఎక్కడ అనే రెండు మాటలు పట్టుకున్నాడు. చావ్‌లా అన్న మాటను తెలుగువాళ్ల ముందు వాడటం మానేశాడు. తన నాయనమ్మ కూడా పామును పేరు పెట్టి అనేది కాదట, ఆకు తగిలింది అనేదట. మరాఠీలో పాన్ లాగ్‌లం. "ఇక్కడ పానం అంటే ప్రాణం, సర్" అన్నాను. అతను కలం కిందపెట్టి నవ్వాడు. ఊళ్లవాళ్లు గడియారం చూసి చెప్పరు, పొద్దు చూసి చెబుతారని నేనన్నందుకు, ఎప్పుడు అని అడుగుతూ వేలితో ఆకాశం చూపించడం అలవాటు చేసుకున్నాడు. ఒకరోజు తేలు కుట్టి వచ్చిన ముసలాయనను అలాగే అడిగాడు. ఆ పెద్దమనిషి పైకి చూసి దండం పెట్టి, "నాదేమున్నది సారూ, ఆయన ఎప్పుడు పిలుస్తె గప్పుడే" అన్నాడు. డాక్టరు నావైపు చూశాడు. నేను వెంటనే నోరు తెరవలేదు. ముసలాయన పక్కన బెంచీ మీద కూర్చుని, కుట్టింది ఇవాళేనా, అన్నం తిన్నాకా తినకముందా అని అడిగి, ఆయన చెప్పింది ఆయనకే తిరిగి వినిపించి, అవునన్నాక డాక్టరుకు చెప్పాను. పిల్లలూ, ఎవరైనా నన్ను సలహా అడిగితే ఇదొక్కటే చెబుతాను. విన్నదాన్ని చెప్పినవాళ్లకు ఒకసారి తిరిగి వినిపించండి. అర నిమిషం పడుతుంది.

నెల దాటాక టీకాల రోజు వచ్చింది. వరండా నిండా తల్లులు, పిల్లలు. అత్తా కోడలూ వచ్చారు. బిడ్డకు తొమ్మిదో నెల టీకా. కోడలు కొంచెం చిక్కింది గానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. నేను పేరు రాసుకోబోతుంటే అత్త నా బల్ల ముందు నిలబడింది.

"ఇయ్యాల తిడుత" అంది.

నిజంగానే తిట్టింది. తల్లులందరి ముందు, మావశి ముందు, గదిలోంచి తొంగిచూసిన డాక్టరు ముందు. చదువుకుంటె చెవులు మూసుకపోతయా అంది. సర్కారు జీతం ఎక్కంగనే అవ్వ బాష మరుస్తరా అంది. మంత్రగానికి పోయిన్రని నువ్వెట్లంటవ్, నువ్వు జూసినవా అంది. అది ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, బహుశా మావశే అయి ఉంటుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆపలేదు. నేను లేచి నిలబడి విన్నాను. ప్రతి మాటా అచ్చమైన మా ఊరి తెలుగు. ఒక్కటి కూడా అర్థం కాకుండా పోలేదు.

అంతా అయ్యాక ఆమె ఊపిరి పీల్చుకుంది. కోడలి చంకలోంచి మనవణ్ని తీసుకుని నా చేతుల్లో పెట్టింది.

"ఇగ సూది ఎయ్యి" అంది. "పోరడు పరాయోళ్ల చేతులల్ల ఏడుస్తడు. జర మంచిగ పట్టుకో."